టెన్త్ అయ్యి ఖాళీగా ఉన్న పిల్లోడికి ఐటీఐనా, మూడు నెలల ఫ్రీ ట్రైనింగా? తెలిసినవాళ్ళు చెప్పండి

మార్కాపురం_మామ
అందరికీ నమస్తే. మాది మార్కాపురం పక్కన పల్లెటూరు. మా అక్క కొడుకు సంగతి. టెన్త్ పాసయ్యాడు, మార్కులు పర్లేదు, అందరూ వేశారని ఎంపీసీలో ప్రైవేట్ కాలేజీలో వేశాం, ఫస్టియర్ మాథ్స్ రెండు పేపర్లూ తన్నాయి, సప్లిమెంటరీలో కూడా పోయింది, ఇక నేను పోను మామా అని ఇంట్లో కూర్చున్నాడు. ఇప్పుడు 17 నడుస్తోంది. పొద్దునంతా ఫోను, సాయంత్రం ఎవడిదో బండి మీద తిరుగుడు. బావది బేల్దారి పని, రారా అంటే వీడికి నామోషీ.
మొన్న వెలుగు ఆఫీసు వాళ్ళతో కలిసి ఒకాయన ఊళ్ళోకి వచ్చాడు. మూడు నెలలు ఫ్రీ ట్రైనింగు, హాస్టలు, తిండి, యూనిఫాం అన్నీ వాళ్ళే, అయ్యాక బెంగళూరులో జాబ్ గ్యారంటీ అని గ్రూపు మీటింగులో చెప్పి వెళ్ళాడు. బావ పంపించేద్దాం అంటున్నాడు, అక్క ఏడుస్తోంది, నాకేమో ఐటీఐ బెటరేమో అనిపిస్తోంది కానీ అదీ సరిగ్గా తెలీదు. వాడికి చేతిపని ఇష్టమే, ఇంట్లో ఫ్యాను, మిక్సీ ఏది ఆగినా విప్పి కూర్చుంటాడు (తిరిగి బిగించడం అన్నిసార్లూ కుదరదనుకోండి). ఏం చెయ్యమంటారు?

గోదారోడు
గ్యారంటీ అన్నాడంటే కాయితం మీద రాసిమ్మని అడగండి బాబూ, ఆయన మళ్ళీ మీ ఊరు వస్తే నా పేరు మార్చుకుంటాను. మా ఊళ్ళోంచి ఇలాగే ఓ బ్యాచ్ హైదరాబాద్ షాపులకి ఎల్లిందండి, సంక్రాంతికి పండక్కని వచ్చినోళ్ళు ఎవ్వరూ తిరిగెళ్ళలేదు. బట్టల షాపులో నిలబడి చీరలు మడతెట్టడానికి హైదరాబాద్ దాకా ఎందుకండీ, రాజమండ్రిలో షాపుల్లేవా?

మాజీ_ట్రైనర్
అలా కొట్టిపారెయ్యకండి, లోపల ఎలా నడుస్తుందో నేను చెప్తా. ఆయన చెప్పింది డీడీయూ జీకేవై (గ్రామీణ కౌశల్య యోజన) అయ్యుంటుంది, దీన్ దయాళ్ ఉపాధ్యాయ పేరు మీద 2014 సెప్టెంబర్ 25న కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ మొదలుపెట్టింది. 15 నుంచి 35 ఏళ్ళ లోపు పల్లెటూరి పేదింటి పిల్లలకి. తిండి, హాస్టల్ ఫ్రీ అన్నది నిజమే, అందులో మోసం లేదు. నేను ఒక సెంటర్లో ట్రైనర్‌గా చేశాను, పేరు అడక్కండి.
అసలు విషయం ఏంటంటే ట్రైనింగ్ అయినవాళ్ళలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలి అని రూలు, ఉద్యోగం అంటే కనీసం మూడు నెలలు చేసినట్టు జీతం రుజువులు ఉండాలి, సెంటర్‌కి డబ్బులు విడతలు విడతలుగా ఈ లెక్కల మీద వస్తాయి. అందుకని మా మేనేజర్ బుర్రలో ఎప్పుడూ ఒకటే, ఈ పిల్లాడు ఆ మూడు నెలలు నిలబడతాడా లేదా. ఏ పని వాడికి సరిపోతుంది, అయిదేళ్ళ తర్వాత ఎక్కడుంటాడు అన్నది ఎవరి లెక్కలోనూ ఉండదు. ఎక్కువమందిని ఒకేసారి తీసుకునేది రిటైలు, హోటళ్ళు, సెక్యూరిటీ, ఫ్యాక్టరీ లైన్లు కాబట్టి కోర్సులు కూడా అవే నడుస్తాయి.
ఇంకోటి, మీవాడికి 17 అన్నారు. ట్రైనింగ్‌లో చేర్చుకుంటారు, వయసు సరిపోతుంది. కానీ 18 నిండకుండా ఏ పెద్ద కంపెనీ హెచ్ఆర్ కూడా గేటు లోపలికి రానివ్వడు. అప్పుడు సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని మళ్ళీ ఇంటికే. ఇది ముందు అడగండి.

మార్కాపురం_మామ
అయ్యో ఈ 18 సంగతి ఆయన చెప్పనేలేదు సార్. మీటింగులో టెన్త్ పాసైతే చాలు అన్నాడు అంతే.

పాత_బ్యాచ్
నేను ఇటువైపు మాట్లాడతా. 2005లో ఉమ్మడి రాష్ట్రంలో ఈజీఎంఎం అని ప్రభుత్వ ఉపాధి మిషన్ ఒకటి పెట్టారు, పల్లెటూరి పిల్లలకి ఇంగ్లీషు, ఆఫీసులో ఎలా మసలుకోవాలి, కంప్యూటరు ఇవన్నీ కలిపి మూడు నెలలు నేర్పేవారు. నేను అందులో వచ్చినవాడినే. మాది నల్గొండ జిల్లా, ఇంటర్ తప్పాను, నాన్న హమాలీ. మొదటి జీతం చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. రూములో ఆరుగురం, ఒక్కటే బకెట్టు. కానీ ఆ మూడు నెలల ట్రైనింగు లేకపోతే నేను హైదరాబాద్ బస్సు ఎక్కేవాడినే కాదు, నలుగురిలో నోరు విప్పి మాట్లాడటం అక్కడే అలవాటైంది. ఇప్పుడు ఒక షోరూంలో ఫ్లోర్ మేనేజర్‌ని, ఇద్దరు పిల్లలు, సొంత ఫ్లాటు ఈఎంఐ. చీరలు మడతపెట్టడం అని ఎగతాళి చేసే గోదారోడు గారికి ఒకటే చెప్తా, మడతపెట్టడం దగ్గరే ఆగిపోయేవాళ్ళు వేరు, అక్కణ్ణుంచి ఎక్కేవాళ్ళు వేరు.

గోదారోడు
మిమ్మల్ని అన్లేదండీ బాబూ. మీరు నిలబడ్డారు సంతోషం. మీ రూములో మిగతా అయిదుగురు ఏవయ్యారో కూడా చెప్పండి మరి.

పాత_బ్యాచ్
ఇద్దరు ఇక్కడే ఉన్నారు. ముగ్గురు ఊరెళ్ళిపోయారు. అందులో ఒకడు ఇప్పుడు నాకంటే బాగున్నాడు లెండి, వరికోత మిషన్ కొన్నాడు.

జగిత్యాల_ఫిట్టర్
అన్నా ఐటీఐ అంటే ఐటీఐనే, కానీ ఏ ఐటీఐ అన్నదే అసలు ముచ్చట. నేను గవర్నమెంట్ ఐటీఐల ఫిట్టర్ చేసిన రెండేండ్లు, తర్వాత అప్రెంటిస్ చేసిన, గల్ఫ్‌ల ఎనిమిదేండ్లు పైప్ ఫ్యాబ్రికేషన్, ఇప్పుడు వాపస్ వచ్చి సొంతంగ షెడ్ పెట్టుకున్న. మా దోస్తు ప్రైవేట్ ఐటీఐల చేరిండు, ఫీజు కట్టు, పరీక్షకు రా, నడుమ కనపడకు, గదీ వాళ్ళ పద్ధతి. సర్టిఫికెట్ ఇద్దరిదీ ఒక్కటే, ఎన్‌సీవీటీ (కేంద్రం బోర్డు) ముద్ర ఒక్కటే. కానీ వాడు ఇప్పటిదాక కొలతలు తీసే వెర్నియర్ చదవలేడు.
అడ్మిషన్ల గవర్నమెంట్‌ది దొరకకపోతే ఒక ఏడాది ఆగినా పర్వాలేదు గని గసోంటి దాంట్ల మాత్రం ఏయకున్రి.
మా దిక్కు అయితే ఐటీఐలను ఏటీసీలు (అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లు) చేసిన్రు, 65 ఐటీఐలు, టాటా టెక్నాలజీస్‌తోని కలిసి, 2,324 కోట్ల పని అని 2024 జూన్‌ల మల్లేపల్లి ఐటీఐల మొదలువెట్టిన్రు. సీఎన్‌సీ, రోబోటిక్స్, ఎలక్ట్రిక్ బండ్ల మెకానిక్, గివన్నీ. మిషిన్లు మస్తుగ ఉన్నయ్, చూస్తే మళ్ళ చేరాలనిపిస్తది. కానీ లక్షల మిషిన్ మీద పోరగాండ్లకు చెయ్యి పెట్టనిచ్చే సారు ఉండాలె గద. ఖరాబైతే ఎవలు జవాబు చెప్పాలె అని తాళమేసి పెడితే ఏం ఫాయిదా.

నిరుద్యోగి_నంబర్1
మావైపు స్కిల్ సెంటర్ల సంగతి మొదలుపెడితే ఆ పార్టీ వాళ్ళు ఈ పార్టీ వాళ్ళు ఇక్కడే కొట్టుకుంటారు కాబట్టి నేను మొదలుపెడుతున్నా 😄 అసలు మన రాష్ట్రంలో స్కిల్ అన్న పేరు చెప్పి

అడ్మిన్
కింద వచ్చిన పద్నాలుగు పోస్టులు తీసేశాను. పార్టీల గొడవకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ పిల్లాడి సంగతే.

సీమ_వైండింగ్
అన్నా మాది అనంతపురం జిల్లా, మోటర్ వైండింగ్ షాపు. ఎలక్ట్రీషియన్ అని ఎవరో ఒకరు ఎట్లా చెప్తారు గాబట్టి, నా కాడ జరిగింది చెప్తా.
ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే లో వోల్టేజీకి మోటర్లు కాలిపోయి షాపు ముందర వరసగా దిగుతాయి. ఆ సీజన్లో ఒక పిల్లోడు పనికొచ్చినాడు, ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసు, సర్టిఫికెట్టు లామినేషన్ చేయించి మరీ తెచ్చినాడు. మోటర్ కనెక్షన్లలో స్టార్ అంటే ఏంది, డెల్టా అంటే ఏంది అంటే గడగడా చెప్పినాడు, సంతోషపడి 5 హెచ్‌పీ మోనోబ్లాక్ ఒకటి ముందర పెట్టి విప్పప్పా అన్యా. కాలిన వైండింగ్ పీకేటప్పుడు మొదట ఏం చెయ్యల్ల? ఒక్కో కాయిల్‌కి ఎన్ని చుట్లుండాయి, తీగ గేజ్ ఎంత, యా స్లాట్‌లో మొదలై యా స్లాట్‌లోకి పోయింది, కనెక్షన్ ఎట్లిచ్చినారు, ఇదంతా పుస్తకంలో రాసుకోవల్ల. వాడు ఉలి, సుత్తి తీసుకోని టకటకా తెగ్గొట్టి రాగి అంతా కుప్ప పోసినాడు. ఇంగ లెక్క యాడుంది? అదే మోడల్ మోటర్ ఇంగోటి కోసం పక్కూరి షాపు దాకా పోయి డేటా తెచ్చుకోవాల్సి వచ్చె.
కానీ చెప్పేది ఏందంటే, ఆ పిల్లోడే ఆరు నెల్లు తిరిగేసరికి నా పాత పనోళ్ళ కంటే ముందుకు పోయినాడు. మోనోబ్లాక్‌కి ఎనామెల్ తీగ చుట్టి వార్నిష్ పోసి ఎండబెడతాం, సబ్‌మెర్సిబుల్ అయితే నీళ్ళలోనే ఉంటాది గాబట్టి పాలీ తీగ, దానికి వార్నిష్ పని లేదు, ఎందుకు అని మావాళ్ళు ఎవరూ ఎప్పుడూ అడగలా, చెయ్యమంటే చేసినారు అంతే. వీడు అడిగినాడు. ప్యానెల్ బోర్డు వైరింగు, ఆటో స్టార్టరు, సెల్‌ఫోన్ స్టార్టరు ఇట్లాంటివి వస్తే డ్రాయింగ్ చూసుకోని వాడే కూర్చోని పెట్టేస్తాడు. చదువు దండగ కాదు, అది చేతుల్లోకి దిగడానికి ఒక చోటు ఉండల్ల.
కాబట్టి మామా, ఐటీఐలో ఎయ్యి, కానీ సెలవల్లో, సాయంత్రాల్లో మీ మార్కాపురంలోనే ఏదన్నా వైండింగ్ షాపులో కూర్చోబెట్టు. జీతం అడగొద్దు, టీకి, చార్జీలకి ఇస్తే చాలు.

ఎనర్జీ_అసిస్టెంట్
+1. నేను ఐటీఐ వైర్‌మన్. 2019లో సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్ పోస్టులు పడ్డప్పుడు స్తంభం ఎక్కడం, సైకిల్ తొక్కడం, మీటర్ రీడింగ్ చూడటం టెస్టులు పెట్టారు గుర్తుందా, మా బ్యాచ్‌లో మార్కులు బాగా వచ్చినవాళ్ళు కూడా స్తంభం సగం దాకా వెళ్ళి జారిపోయారు. కాళ్ళకి తాడు ఎలా చుట్టుకోవాలో కూడా తెలీదు. నేను ఊళ్ళో మా లైన్‌మెన్ బాబాయ్ వెనకాల చిన్నప్పటినుంచి తిరిగేవాడిని కాబట్టి బయటపడ్డా. తెలంగాణలో జేఎల్ఎం (జూనియర్ లైన్‌మన్) కూడా అంతే, ఐటీఐ ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్, ప్లస్ పోల్ టెస్టు.
ఇంకో మాట, రైల్వేలో అప్రెంటిస్ చేస్తే లెవెల్ 1 (గ్రూప్ డి) పోస్టుల్లో 20 శాతం అప్రెంటిస్ చట్టం కింద ట్రైనింగ్ పూర్తి చేసినవాళ్ళకే ఉంటాయి. అసిస్టెంట్ లోకో పైలట్‌కీ, టెక్నీషియన్‌కీ కూడా ఐటీఐ అడుగుతారు. ఇంటర్ ఎంపీసీ తప్పిన సర్టిఫికెట్‌కి ఇవేవీ లేవు.

శ్రీసిటీ_షిఫ్ట్
అన్నయ్యా నాది సూళ్ళూరుపేట పక్క ఊరు, శ్రీసిటీలో ఒక కంపెనీలో చేస్తున్నా, పేరు చెప్పను. తెల్లారుజామున నాలుగున్నరకి లేస్తే అయిదుంపావుకి కంపెనీ బస్సు. మా లైన్‌లో సగం మంది ఇలాంటి ట్రైనింగ్ సెంటర్ల నుంచి వచ్చినవాళ్ళే, కర్నూలు, శ్రీకాకుళం, ఒడిశా నుంచి కూడా ఉన్నారు.
నిజం చెప్పాలంటే లైన్ పనికి మూడు నెలల ట్రైనింగ్ అక్కర్లేదు, కంపెనీ వాళ్ళే వారం రోజులు కూర్చోబెట్టి నేర్పి లైన్ ఎక్కిస్తారు. నా స్టేషన్లో నేను చేసేది నాలుగు స్క్రూలు, ఒక కనెక్టరు, స్కాన్. అంతే. రెండేళ్ళ నుంచి అదే. పక్క స్టేషన్లో ఏం జరుగుతుందో నాకు తెలీదు. మొదట నాప్స్ అనే కేంద్రం అప్రెంటిస్ స్కీం కింద తీసుకున్నారు, ఏడాది అవ్వగానే నాతో చేరిన వాళ్ళలో చాలామందిని పంపేసి మళ్ళీ కొత్త బ్యాచ్ తెచ్చుకున్నారు. అప్రెంటిస్‌కి అయితే ప్రభుత్వం స్టైపెండ్‌లో నాలుగో వంతు, 1,500 దాకా ఇస్తుంది కదా, వాళ్ళకి అదే లాభం.
కానీ అలాగని చెడ్డదని అనను. నాకు అమ్మానాన్న పెళ్ళి చేసేద్దాం అంటున్న టైంలో ఇది దొరికింది. చీటీ వేసుకున్నా, తమ్ముడి ఫీజు నేనే కట్టా, ఇంట్లో ఇప్పుడు నన్ను అడక్కుండా ఏదీ చెయ్యరు. ఆడపిల్లలకి ఇది వేరే లెక్క అన్నయ్యా. మీ మేనల్లుడికి విప్పడం బిగించడం ఇష్టం అంటున్నారు కదా, వాణ్ణి నాలుగు స్క్రూల దగ్గర పెడితే మాత్రం పండక్కి వచ్చి తిరిగి వెళ్ళడు.

మాజీ_ట్రైనర్
ఈ అమ్మాయి చెప్పింది బంగారం లాంటి మాట. మా సెంటర్లో కూడా అమ్మాయిలే ఎక్కువ నిలబడేవాళ్ళు. అబ్బాయిలకి ఊళ్ళో పని దొరుకుతుంది, కనీసం తిరగడానికి బండి దొరుకుతుంది. అమ్మాయిలకి తిరిగొస్తే ఏముందో వాళ్ళకి తెలుసు.

విజయనగరం_టీచర్
నేను జూనియర్ కాలేజీలో ఒకేషనల్ చెప్తాను. ఇంతమంది మాట్లాడారు గానీ ఇంటర్ ఒకేషనల్ ఊసే ఎవరూ ఎత్తలేదు, మా బతుకే అంత 🙂
టెన్త్ అవ్వగానే పిల్లలని ఎంపీసీ, బైపీసీ అని తోసేస్తారు, తప్పాక మా దగ్గరికి వస్తారు. ఎలక్ట్రికల్ టెక్నీషియన్, ఆటోమొబైల్, క్రాప్ ప్రొడక్షన్, ల్యాబ్ టెక్నీషియన్, మల్టీపర్పస్ హెల్త్ వర్కర్, ఇలా చాలా ఉన్నాయి. బ్రిడ్జి కోర్సు పరీక్ష రాసుకుంటే డిగ్రీ వైపు, ఎంట్రన్సుల వైపు కూడా దారి ఉంటుంది. అయితే ఆ కోర్సు నిజంగా ఆ కాలేజీలో నడుస్తుందా, గెస్ట్ లెక్చరర్ ఉన్నారా, ఆన్ ది జాబ్ ట్రైనింగ్‌కి ఎక్కడికి పంపుతారు అన్నది చూసుకోవాలి.
ఐటీఐ చేస్తే చదువు ఆగిపోయినట్టే అని మీ అక్కగారు భయపడుతుంటే ఇది చెప్పండి. టెన్త్ తర్వాత రెండేళ్ళ ట్రేడ్ పాసై, ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్‌లో వాళ్ళు అడిగిన పేపర్లు రాస్తే ఇంటర్‌తో సమానంగా చూస్తారు. డిప్లొమా రెండో ఏడాదిలోకి వెళ్ళే దారి కూడా ఉంది. ఎనిమిదో తరగతితో ఆగినవాళ్ళకి కూడా వెల్డరు, వైర్‌మన్, ప్లంబరు లాంటి ట్రేడ్లు ఉన్నాయి, ఇది చాలా ఊళ్ళలో తెలీదు, టెన్త్ తప్పాడు కాబట్టి ఇంకేం లేదు అనుకుని గొర్రెల వెనక పంపేస్తున్నారు.

కువైట్_కడప
నేను రాజంపేట దిక్కు నుంచి కువైట్ వచ్చి చానా ఏండ్లాయ. డ్రైవర్‌గా వచ్చినా. టెన్త్ పాసైనోనికి పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ (గల్ఫ్‌కి పోయేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే ముద్ర) ఉండదు, మీవాడు టెన్త్ పాసే గాబట్టి మంచిదే. ఇక్కడ ఏసీ టెక్నీషియను, ఎలక్ట్రీషియను, టిగ్ వెల్డరు ట్రేడ్ టెస్ట్ పాసై వచ్చినోళ్ళ జీతానికీ, ఇంట్లో పనికి, డ్రైవింగ్‌కి వచ్చినోళ్ళ జీతానికీ సంబంధమే లేదు, వాళ్ళ రూములు వేరు, సెలవలు వేరు, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) కూడా వాళ్ళతో మాట్లాడేది వేరుగా ఉంటాది. మా ఊర్లో ఇంగా పిల్లోళ్ళు ఏజెంటుకి లక్ష పోసి ఖద్దామా (ఇంటిపని) వీసానో డ్రైవర్ వీసానో అడుగుతాండారు గానీ రెండేండ్లు కూర్చోని ట్రేడ్ నేర్చుకోరు. పోవాల్సొచ్చినా ఏజెంట్ల కాడికి పోవద్దు, తెలంగాణలో టామ్‌కామ్, మనకి ఓంక్యాప్ అని ప్రభుత్వ సంస్థలుండాయి.

గోదారోడు
అంతా బాగానే ఉందండి కానీ ఒకటి అడుగుతా. ఐటీఐ ఎలక్ట్రీషియన్‌లు ఊరికి పదిమంది ఉన్నారండి మా మండలంలో. మోటారు కాలితే పిలుద్దామంటే మాత్రం ఒక్కడూ దొరకడు, పెద్దాపురం నుంచి మేస్త్రి రావాలి. ఈ పదిమందీ ఎక్కడున్నారు అంటే కోచింగ్ సెంటర్లో. గ్రూప్ డి, కానిస్టేబులు, సచివాలయం అని. వయసు దాటేదాకా అదే.

సీమ_వైండింగ్
అది నిజమేప్పా. నా కాడ నేర్చుకున్యోడు గూడా ఎగ్జామ్ ఉందంటే రెండు నెల్లు కనపడడు.

జగిత్యాల_ఫిట్టర్
ఎందుకు పోతరంటే పిల్లనిచ్చేటోడు అడుగుతడన్న. మా షెడ్‌ల నెలకు ముప్పై నలభై వేలు సంపాదించే వెల్డర్ ఉన్నడు, సంబంధాలు కుదురుతలేవు. గదే పన్నెండు వేల జీతంతోని మెడల ఐడీ కార్డ్ ఏసుకుంటే అల్లుడు. టైల్స్ మేస్త్రి రోజుకు వెయ్యికి తక్కువ పట్టడు, ఆయన కొడుకు మాల్‌ల గార్డ్ డ్యూటీ చేస్తడు. మామా మీ బావ బేల్దారి అన్నవు గద, ఆయన రోజు కూలి ఎంతనో, బెంగళూరుల పీజీ కిరాయి, తిండి పోంగ మీవోనికి ఎంత మిగుల్తదో ఒక్క కాయితం మీద ఎయ్యి.

మార్కాపురం_మామ
వేశాను అన్నా మీ మాట మీదే. సెంటర్ ఆయనకి ఫోన్ చేస్తే 14 వేలు అన్నాడు, పీఎఫ్, ఈఎస్ఐ పోను పన్నెండుకి అటూ ఇటూ చేతికొస్తాయంట, పీజీకి ఆరు, మధ్యాహ్నం కంపెనీ క్యాంటీన్ అయినా మిగతా ఖర్చులు, ఫోను, ఊరికి రాకపోకలు. రెండు వేలు మిగిలితే గొప్ప. బావ నెలలో ఇరవై రోజులు పనికి వెళ్ళినా అంతకి ఎన్నో రెట్లు. ఈ లెక్క బావకి చూపిస్తే అరగంట ఏం మాట్లాడలేదు, తర్వాత "నా పని వాడు చెయ్యకూడదనే కదరా ఇదంతా" అన్నాడు. ఎండలో పనిచేసి మోకాళ్ళు పోయినవాడు ఆ మాటంటే నేనేం చెప్తా.

పాత_బ్యాచ్
మా నాన్న కూడా అదే మాట అన్నాడు. అది లెక్కలతో తేలదు మామగారూ.

నిరుద్యోగి_నంబర్1
సీరియస్‌గా ఒకటి అడుగుతున్నా ఈసారి, పార్టీల గోల కాదు. నాకు 22, డిగ్రీ మధ్యలో మానేశా, ఇప్పుడు రెండేళ్ళు ఐటీఐలో పిల్లలతో కూర్చోలేను. ఊళ్ళోనే ఏదైనా పెట్టుకోవాలని ఉంది. నాలాంటోళ్ళకి ఏముంది?

సీమ_వైండింగ్
ఆర్‌సెటికి పో తమ్ముడూ, సొంతంగా పని పెట్టుకునేటోళ్ళకి ట్రైనింగ్ ఇచ్చే చోటు. జిల్లాకి ఒకటి ఉంటాది, బ్యాంకోళ్ళు నడుపుతారు. 1982లో కర్ణాటకలో ధర్మస్థల వాళ్ళు మొదలుపెట్టిన రుడ్‌సెటి అనే సంస్థని చూసి దేశమంతా పెట్టినారు, మా అనంతపురంలో ఆ రుడ్‌సెటి పాతకాలం నుంచే ఉంది. 18 నిండింటే చాలు. ఇల్లు వైరింగు, మోటర్ రివైండింగు, సెల్‌ఫోన్ రిపేరు, ఏసీ ఫ్రిజ్, టైలరింగు, పాడి, కొన్ని పది రోజులు, కొన్ని నెల. తిండి, పడక అక్కడే, ఫ్రీ. పొద్దున యోగాకి లేపుతారు, అది ఒకటి ఓర్చుకో. వాళ్ళు ఉద్యోగం ఇప్పిస్తామని చెప్పరు, షాపు పెట్టుకో, లోన్‌కి కాగితాలు మేం పంపిస్తాం అంటారు, అయినాక రెండేండ్ల దాకా ఫోన్ చేసి ఏం చేస్తాండావు అని అడుగుతానే ఉంటారు. నెలలో మేస్త్రివి అయిపోవు గానీ బ్యాంకు మేనేజర్ ముందర కూర్చోని మాట్లాడే ధైర్యం వస్తాది.

మాజీ_ట్రైనర్
కానీ లోన్ దగ్గరే ఆగుతుంది చాలామందికి. ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉన్నా ముద్ర శిశు అనే చిన్న లోన్ స్కీం కింద 50 వేలు అడిగితే కూడా ఊరి బ్రాంచిలో "తర్వాత రండి" అంటారు. అమ్మ డ్వాక్రా గ్రూపులో ఉంటే ఆ గ్రూపు నుంచి తీసుకోవడం తేలిక, నా బ్యాచ్ పిల్లల్లో షాపు పెట్టినవాళ్ళంతా దాదాపు అమ్మల అప్పుతోనే పెట్టారు.

మార్కాపురం_మామ
మరి ఐటీఐ మంచిదో కాదో బయటినుంచి ఎలా కనిపెట్టాలి? నాకు మిషన్ల గురించి ఏబీసీడీ తెలీదు.

జగిత్యాల_ఫిట్టర్
చెప్పకుండ పో. పదకొండు గంటలకు పో, ప్రిన్సిపాల్ రూములకు గాదు, సీదా వర్క్‌షాపులకు. వైర్‌మన్, ఎలక్ట్రీషియన్ అయితే టేబుల్ కింద చూడు, తెగిన వైర్ ముక్కలు, టేప్ ముక్కలు పడి ఉండాలె. ఫిట్టర్ అయితే బెంచి వైస్ కింద ఇనుప రజను ఉండాలె. వెల్డింగ్ బూత్‌ల కాలిన రాడ్ ముక్కలు. నేల అద్దం లెక్క మెరుస్తుందంటే అక్కడ ఎవడూ పని చేస్తలేడు, గంతే. బయట చాయ్ కొట్టు కాడ సెకండియర్ పోరగాండ్లు ఉంటరు, చాయ్ గ్లాసు పట్టుకుని మాట్లాడు, సారు వస్తడా రాడా వాళ్ళే చెప్తరు.

ఎనర్జీ_అసిస్టెంట్
పోయినేడు పాసైన బ్యాచ్‌లో నలుగురి నంబర్లు అడగండి. ఇవ్వకపోతే అర్థం చేసుకోండి.

మార్కాపురం_మామ
అందరికీ థ్యాంక్స్. జగిత్యాల అన్న చెప్పినట్టే వెళ్ళి చూశా, మేనల్లుడిని కూడా తీసుకెళ్ళా. గవర్నమెంట్ ఐటీఐలో పైకప్పు పెచ్చులూడుతోంది గానీ టేబుళ్ళ కింద వైరు ముక్కలు ఉన్నాయి 😀 మావాడు అక్కడ ఒక కుర్రాడు బోర్డు వైరింగ్ చేస్తుంటే పక్కన నిలబడి కదల్లేదు, అది రాంగ్ ఇచ్చావన్నా అని చెప్పాడు కూడా. ఎలక్ట్రీషియన్‌కి అప్లై చేశాం, రెండో విడత కౌన్సెలింగ్‌లో రావచ్చు అన్నారు. బావ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, రెండేళ్ళు ఎవరు పోషిస్తారు అంటున్నాడు, వైండింగ్ షాపు ఒకటి మాట్లాడా, రేపటినుంచి వెళ్తాడు.
ఇప్పుడు కొత్త తలనొప్పి. ఇంటర్ కాలేజీ వాళ్ళు టీసీ, టెన్త్ మెమో ఇవ్వట్లేదు. సెకండియర్ ఫీజు కూడా కడితేనే ఇస్తారంట. వాడు సెకండియర్ గడప కూడా తొక్కలేదు.

గోదారోడు
ఇదిగో, అసలు గ్యారంటీ అంటే ఇదండీ. ఫీజు గ్యారంటీ.

విజయనగరం_టీచర్
ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపే హక్కు వాళ్ళకి లేదు. ఫోన్లో మాట్లాడొద్దు, ప్రిన్సిపాల్ పేరు మీద అర్జీ రాసి ఇవ్వండి, రెండో కాపీ మీద ముట్టినట్టు సంతకం, తేదీ తీసుకోండి. సంతకం పెట్టం అంటే రిజిస్టర్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అది పట్టుకుని ఇంటర్ బోర్డు ప్రాంతీయ అధికారి (ఆర్‌ఐఓ) ఆఫీసుకి వెళ్ళండి, అలాగే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో కూడా ఇవ్వండి. చాలా కాలేజీలు గ్రీవెన్స్ నంబర్ పడగానే ఫోన్ చేసి రమ్మంటాయి. కౌన్సెలింగ్ తేదీ అర్జీలో తప్పకుండా రాయండి, సీటు పోతుందని.

మార్కాపురం_మామ
మేడం అర్జీ తెలుగులో రాస్తే సరిపోతుందా? వాళ్ళు ఇంగ్లీషులో అడిగితే?

విజయనగరం_టీచర్
తెలుగులోనే రాయండి, ఎవరూ కాదనరు. పిల్లాడి ఇంటర్ హాల్ టికెట్ నంబరు, అడ్మిషన్ నంబరు, ఇప్పటిదాకా కట్టిన ఫీజు రసీదుల జిరాక్సులు, ఐటీఐ అప్లికేషన్ ప్రింటు పెట్టండి. అబ్బాయి మైనర్ కాబట్టి సంతకం మీ అక్క గానీ బావ గానీ పెట్టాలి, మీరు కాదు. రేపు శుక్రవారం, కాలేజీలో ఇచ్చెయ్యండి, సోమవారానికి ముట్టిన కాపీ చేతిలో ఉంటుంది.